చెయ్యను అనే హక్కు ఎవరికుంది?

(బి.ఏ. రెండో సంవత్సరం)

ఇంగ్లండులో సాల్ఫర్డ్ అనే ఊళ్ళో ఒక హెల్త్ సెంటర్‌లో బార్బరా జానవే అనే ఆవిడ సెక్రటరీగా, రిసెప్షనిస్టుగా పనిచేసేది. క్యాథలిక్. ఒకరోజు డాక్టర్ ఆమెకు ఒక ఉత్తరం టైపు చెయ్యమని ఇచ్చాడు. ఒక గర్భిణిని అబార్షన్ విషయంగా పెద్ద డాక్టర్ దగ్గరికి పంపిస్తూ రాసిన ఉత్తరం అది. ఆమె టైపు చెయ్యనంది. ఉద్యోగం పోయింది. కేసు వేసింది. అది హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయి, 1988లో అక్కడ కూడా ఓడిపోయింది.

ఆమె పట్టుకున్న ఆధారం గట్టిదే. అక్కడి 1967 అబార్షన్ చట్టంలో నాలుగో సెక్షన్ ఏమంటుందంటే, మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఈ చికిత్సలో పాల్గొనాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. ఎవరికీ అని ఉంది, డాక్టర్లకూ నర్సులకూ మాత్రమే అని లేదు. అయినా ఉత్తరం టైపు చెయ్యడం చికిత్సలో పాల్గొనడం కాదు అన్నారు జడ్జీలు.

ఈ సంగతి చెప్తే మన క్లాసులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒక కాగితం టైపు చేస్తే ఏం పాపం అంటుకుంటుంది అని. నాకు నవ్వు రాలేదు. శాకాహారం తప్ప ముట్టని ఇంటి పిల్ల మటన్ అంగట్లో లెక్కలు రాసే పనికి పోతుందా, పోతే ఇంట్లో ఏమంటారు, ఆ పిల్లకు లోపల ఏమనిపిస్తుంది? కత్తి పట్టుకోలేదు కదా అని మనం బయటినుంచి చెప్పడం తేలిక. మన చెయ్యి ఎక్కడిదాకా పోతుంది, ఎక్కడ ఆగుతుంది అనేది ఒక్కొక్కరికి ఒక్కో చోట ఉంటుంది. కోర్టుకు మాత్రం అందరికీ కలిపి ఒకే గీత గీయక తప్పదు.

ఆ గీత మళ్ళీ 2014లో ఇంకాస్త స్పష్టంగా గీశారు. గ్లాస్గోలో ఇద్దరు సీనియర్ మంత్రసానులు, వాళ్ళూ క్యాథలిక్కులే, లేబర్ వార్డు మొత్తానికి డ్యూటీలు చూసే ఉద్యోగంలో ఉన్నారు. అబార్షన్ మేము చెయ్యం సరే, దానికి వేరే నర్సును పంపించడం, ఆ నర్సు పని చూసుకోవడం కూడా మేము చెయ్యం అన్నారు. స్కాట్లండ్ పై కోర్టు వాళ్ళ వైపు తీర్పు ఇచ్చింది. కానీ సుప్రీంకోర్టులో ఓడిపోయారు. తీర్పు రాసింది ఒక మహిళా జడ్జి, లేడీ హేల్. పాల్గొనడమంటే స్వయంగా చేత్తో చెయ్యడమే, డ్యూటీ లిస్టు రాయడం కాదు అని ఆ తీర్పు సారాంశం.

నాకు ఈ గీత సరైందనే అనిపిస్తుంది. ఎందుకంటే ఆసుపత్రిలో ఏ పనికైనా యాభై చేతులు కలుస్తాయి. బిల్లు వేసేవాళ్ళు, లిఫ్టు నడిపేవాళ్ళు, దుప్పట్లు ఉతికేవాళ్ళు, భోజనం తెచ్చేవాళ్ళు. ప్రతి చేతికీ వద్దనే హక్కు ఇస్తే పేషెంటు గేటు దగ్గరే నిలబడిపోతుంది. ఏ చేతికీ ఇవ్వకపోతే మనిషిని యంత్రం చేసినట్టే. మధ్యలో ఎక్కడో ఆగాలి. చేత్తో చేసే పని దగ్గర ఆగడం న్యాయంగానే ఉంది.

ఇదంతా ఎక్కడో సీమలో జరిగిన ముచ్చట, బళ్ళారిలో మనకెందుకు అనుకోవద్దు. మన క్లాసులో ఎంతమంది అక్కచెల్లెళ్ళు బి.ఎస్సీ. నర్సింగులోనూ జి.ఎన్.ఎమ్.లోనూ ఉన్నారో లెక్క పెట్టుకోండి. మా చిన్నమ్మ పద్నాలుగేళ్ళుగా స్టాఫ్ నర్సు. ఏ ఆసుపత్రి అని అడగొద్దు, ప్రైవేటుది అని మాత్రం చెప్తాను. అక్కడ ఒక జూనియర్ సిస్టర్ ఉండేది, బాగా భక్తి ఉన్న క్రిస్టియన్ అమ్మాయి. చేరిన కొత్తలోనే ఇన్‌చార్జ్ సిస్టర్ దగ్గరికి పోయి, అక్కా, నన్ను అబార్షన్ కేసులకు వెయ్యొద్దు, కావాలంటే దానికి బదులు నైట్ డ్యూటీలు ఎక్కువ చేస్తాను అని బతిమాలుకుంది. ఇన్‌చార్జ్ సిస్టర్ హిందువు, పెద్దావిడ, దానికేముంది అంది. అంతే. ఆ అమ్మాయిని కాన్పు అయిన తల్లుల వార్డుకు వేసింది. రెండేళ్ళు ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయింది. కాగితం లేదు, సంతకం లేదు. మనవాళ్ళ మంత్రం ఒకటి ఉంది కదా, 'స్వల్ప అడ్జస్ట్ మాడి'. దానితోనే నడిచింది.

తర్వాత ఆ పెద్దావిడ రిటైరయింది. కొత్తగా వచ్చినావిడకు ఈ ఏర్పాటు తెలీదు, చెప్పినా నచ్చలేదు. ఒకరికి ఇట్లా చేస్తే రేపు అందరూ అడుగుతారు అంది. చెయ్యలేకపోతే రాజీనామా రాసివ్వు అంది. ఆ అమ్మాయి దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఒక నెల చూసి, రాసిచ్చేసి వెళ్ళిపోయింది.

నేను కోపంగా అడిగితే చిన్నమ్మ ఏమందంటే, "ఎవరిని అంటామే? ముందావిడదీ మంచితనమే, ఈవిడ చెప్పిందీ అబద్ధం కాదు. ఆ పిల్ల పోయినాక ఆ డ్యూటీలన్నీ మా మీదే కదా పడింది."

ఈ చివరి మాట నన్ను వదల్లేదు. ఆ అమ్మాయికి మినహాయింపు దొరికిన రెండేళ్ళూ కూడా ఆ పని ఎవరో ఒకరు చేశారు కదా. ఎవరు? మిగతా సిస్టర్లు. వాళ్ళలో ఎవరికైనా లోపల ముల్లు గుచ్చుకుందో లేదో ఎవరూ అడగలేదు. వాళ్ళ మతంలో దానికి పేరూ, వచనమూ ఉండకపోవచ్చు, అంతమాత్రాన మనసు లేదని కాదు. ఇంకొకటి కూడా చిన్నమ్మే చెప్పింది. ఆ గదిని తర్వాత శుభ్రం చేసేది ఒక ఆయా. బకెట్లు మోసేదీ, రక్తం గుడ్డలు తీసేదీ, ఆ తీసిందాన్ని తీసుకుపోయేదీ ఆమే. శనివారం ఉపవాసం ఉంటుంది. శనివారం ఈ పని పడితే, అంతా అయినాక బయట కొళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, తడి చెయ్యి కళ్ళకు అద్దుకుని, కాసేపు అక్కడే నిలబడి లోపలికి వస్తుందట. ఇన్నేళ్ళలో, నీకు ఇష్టమేనా అని ఆమెను అడిగినవాళ్ళు లేరు.

గ్లాస్గో లెక్క ప్రకారం చూస్తే విచిత్రంగా ఉంటుంది. చేత్తో చేసేవాళ్ళకే మినహాయింపు అంటే, మొదటి హక్కు పైన కూర్చుని లిస్టు రాసేవాళ్ళకు కాదు, చేత్తో పనిచేసే కిందివాళ్ళకు రావాలి. మన దగ్గర సరిగ్గా తలకిందులు. డాక్టరుకు చెయ్యనని నోటితో చెప్పే అవసరం కూడా లేదు, ఆ కేసులు నేను చూడను అని బోర్డు మీద పేరు పక్కన రాయించుకోకపోతే చాలు. సిస్టర్ బతిమాలుకోవాలి. ఆయాకు ఆ ఆలోచనే రాకూడదు. మనస్సాక్షి కూడా జీతం స్లిప్పు చూసే వస్తుందా? మా ఇంట్లో నాన్న దీన్ని కన్నడంలో ఆత్మసాక్షి అంటాడు, అమ్మ తెలుగులో మనస్సాక్షి అంటుంది. రెండింట్లోనూ సాక్షి ఉంది చూడండి. ఆయా లోపల మాత్రం సాక్షి ఉండదా?

ఇప్పుడు చట్టం సంగతి. మన రాజ్యాంగం 25వ అధికరణం అందరికీ అంతఃకరణ స్వాతంత్ర్యం ఇచ్చింది, నచ్చిన మతాన్ని ఆచరించే హక్కు ఇచ్చింది. పాలిటిక్స్ పేపరు రాసినవాళ్ళకు ఇది నోటికి వచ్చి ఉంటుంది. కానీ ఆ వాక్యం ఎట్లా మొదలవుతుందో మనం గట్టిగా చదవం. ప్రజాశాంతికీ, నైతికతకూ, ఆరోగ్యానికీ లోబడి అని మొదలవుతుంది. ఆరోగ్యం అనే మాట అక్కడ ఊరికే పడలేదు. హక్కు చెప్పకముందే ఆరోగ్యం దానికి ముందు వచ్చి కూర్చుంది.

మనస్సాక్షిని మన సుప్రీంకోర్టు ఎంత గౌరవించగలదో తెలియాలంటే 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ కేసు చూడాలి. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబం పిల్లలు ముగ్గురు, బడిలో జాతీయగీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు, కానీ పాడేవాళ్ళు కాదు. బడినుంచి పంపేశారు. సుప్రీంకోర్టు వాళ్ళను మళ్ళీ చేర్చుకోమంది. నాకు చాలా ఇష్టమైన తీర్పు ఇది. కానీ దీన్ని తీసుకొచ్చి ఆసుపత్రికి అంటించలేం. ఆ పిల్లలు పాడకపోతే ఎవరికీ ఏ నష్టమూ లేదు, పక్క పిల్లలు పాడుతూనే ఉంటారు. లేబర్ రూములో ఒకరు చెయ్యి వెనక్కి తీసుకుంటే మంచం మీద ఉన్న మనిషికి నష్టం రావచ్చు.

డాక్టర్ల విషయంలో మన నియమాలు ఇంగ్లండు కంటే కఠినం అని తెలిసి నేను ఆశ్చర్యపోయాను. 1971 అబార్షన్ చట్టంలో మనస్సాక్షి పేరుతో మినహాయింపు సెక్షనే లేదు. పైగా భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమాల్లో, దుష్ప్రవర్తన అనే అధ్యాయంలో ఒక వాక్యం ఉంది. వైద్యపరంగా అవసరం ఉన్నప్పుడు కేవలం మతకారణం చెప్పి కుటుంబ నియంత్రణ ఆపరేషనుకూ, గర్భనిరోధానికీ, సున్తీకీ, అబార్షనుకూ సాయం చెయ్యనని డాక్టర్ నిరాకరించకూడదు, తనకు ఆ పని చేసే నేర్పు లేదనుకుంటే తప్ప. సున్తీ కూడా ఆ జాబితాలో ఉండడం గమనించండి. ఒక మతంవాళ్ళకే పెట్టిన నియమం కాదిది, అటువైపూ ఇటువైపూ కోస్తుంది. మంచి వాక్యం. కానీ చివర ఉన్న ఆ 'నేర్పు లేదనుకుంటే తప్ప' అనే కిటికీ లోంచి ఎంతమందైనా దూకి పోవచ్చు.

సరే, డాక్టరుకు ఆ నియమం ఉంది. మరి ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం చేసే సిస్టర్‌కు? ప్రభుత్వ ఉద్యోగమైతే మతం పేరుతో వివక్ష చూపకూడదని 16వ అధికరణం ఉంది. ప్రైవేటు యజమానిని మాత్రం, నీ ఉద్యోగి మతవిశ్వాసానికి వీలైనంత సర్దుబాటు చెయ్యి అని కట్టడి చేసే సాధారణ చట్టం మన దేశంలో లేదు. అందుకే ఆ జూనియర్ సిస్టర్ చేతిలో ఏమీ లేకుండా పోయింది.

అమెరికాలో ఉంది. 1964 పౌరహక్కుల చట్టంలో ఏడో భాగం. ఉద్యోగి మతాచారానికి యజమాని సర్దుబాటు చెయ్యాలి, దానివల్ల తన వ్యాపారానికి మోయలేని ఇబ్బంది అయితే తప్ప. మోయలేనిదంటే ఎంత? 1977లో వాళ్ళ సుప్రీంకోర్టు, స్వల్పానికి మించి ఏ ఖర్చు అయినా యజమాని కాదనొచ్చు అన్నట్టు చెప్పింది. అంటే యజమాని దగ్గర 'స్వల్ప అడ్జస్ట్' కూడా అడగడానికి లేదు! నలభై ఆరేళ్ళ తర్వాత, 2023లో, ఆదివారం డ్యూటీ చెయ్యనన్న ఒక తపాలా ఉద్యోగి కేసులో అదే కోర్టు ఏకగ్రీవంగా దాన్ని సవరించింది. ఆ వ్యాపారం స్థాయికి గణనీయమైన భారం అని చూపిస్తేనే యజమాని కాదనాలి అంది.

ఆసుపత్రి విషయానికి అక్కడే ఇంకో కేసు ఉంది. అది చదివినాక నా అభిప్రాయం ఒక కొలిక్కి వచ్చింది. న్యూజెర్సీలో షెల్టన్ అనే నర్సు, పెంతెకోస్తు విశ్వాసి, లేబర్ వార్డులో పనిచేసేది. అబార్షన్ కేసులు వస్తే తోటి నర్సులతో డ్యూటీ మార్చుకునేది, ఆసుపత్రి ఒప్పుకుంది. కానీ ఎమర్జెన్సీల్లో కూడా చెయ్యనంది. ఒక గర్భిణికి మాయ కిందికి ఉండి రక్తస్రావం మొదలైంది, రక్తం మడుగులో నిలబడి ఉన్న స్థితి. వెంటనే సిజేరియన్ అన్నారు. గర్భం పోతుంది కాబట్టి నేను రాను అంది ఆమె. ఆ తర్వాత ఆసుపత్రి ఆమెను పంపెయ్యలేదు, అదే జీతంతో పసిపిల్లల ఐసీయూకు మారమంది. ఆమె ఒప్పుకోలేదు. వేరే నర్సింగు ఖాళీలు ఏమున్నాయో వచ్చి మాట్లాడమంటే దానికీ పోలేదు. చివరికి తీసేశారు. 2000లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆసుపత్రిదే సరి అంది.

నేను ఆ జూనియర్ సిస్టర్ వైపు, షెల్టన్‌కు వ్యతిరేకం. ఇద్దరిదీ ఒకే నమ్మకం కావచ్చు. ఒకరు ముందే చెప్పి, బదులు పని అడిగి తీసుకుంది. ఇంకొకరు రక్తం పోతున్న మనిషి ముందు చెప్పింది, బదులు పని ఇస్తామంటే తీసుకోలేదు. తేడా విశ్వాసంలో లేదు, ఆ విశ్వాసం ఖర్చు ఎవరు కడుతున్నారు అన్నదాంట్లో ఉంది. మొదటి అమ్మాయి తన నైట్ డ్యూటీలతో తనే కట్టింది.

మన క్లాసులో ఒకరు, అసలు ఇష్టం లేకపోతే నర్సు ఉద్యోగమే వద్దనుకోవచ్చు కదా, ఎవరు రమ్మన్నారు అన్నారు. ఈ మాట నాకు నచ్చలేదు. మన దేశంలో నర్సింగులోకి ఎవరు వచ్చారో ఒకసారి వెనక్కి చూడండి. ముట్టు, మైల, అంటు అని పెద్దకులాలవాళ్ళు తమ ఆడపిల్లల్ని ఈ పనికి పంపని రోజుల్లో, మిషన్ ఆసుపత్రుల ద్వారా ఈ పనిలోకి వచ్చినవాళ్ళలో చాలామంది క్రిస్టియన్ అమ్మాయిలే. పరాయివాళ్ళ చీమూ నెత్తురూ కడిగింది వాళ్ళు. ఇప్పుడు అదే అమ్మాయిని, నీకు ఒక్క పని ఇష్టం లేకపోతే మొత్తం వదిలెయ్యి అనడానికి మనకు నోరెట్లా వస్తుంది? అప్పు చేసి చదివిన చదువు, ఇంటికి పంపాల్సిన డబ్బు, అన్నీ ఉంటాయి.

కానీ అదే చరిత్రలో ఇంకో వైపు కూడా ఉంది. అమెరికావాళ్ళు మతపరమైన అభ్యంతరం అనే మాట వినగానే చర్చి గుర్తుచేసుకుంటారు. మనకు గుర్తుకు రావాల్సింది వేరే. నా ఆచారం ఒప్పుకోదు, నేను ముట్టుకోను అనే మాట ఈ దేశంలో ఎవరు ఎవరితో అన్నారు? 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోసినప్పుడు అది అంత పెద్ద సంఘటన ఎందుకైంది? శవాన్ని ముట్టుకుంటే కులం పోతుందని కదా. శవానికైతే నొప్పి లేదు. బతికున్న మనిషిని ముట్టుకోనన్నవాళ్ళ సంగతి ఏమిటి? రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో వచ్చిన చట్టం ఆ పేరుతో ఆసుపత్రిలో చేర్చుకోకపోవడాన్ని ప్రత్యేకంగా పేరుపెట్టి నేరం చేసింది. అట్లా చట్టంలో రాయాల్సి వచ్చిందంటే, అట్లా చేసేవాళ్ళు ఉన్నారనే కదా. వాళ్ళను అడిగితే వాళ్ళూ ధర్మం, ఆచారం అనే చెప్పి ఉంటారు.

అందుకే ఇక్కడ నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. అభ్యంతరం పనికా, మనిషికా? ఒక సిస్టర్ ఎవరికి అబార్షన్ అయినా నేను చెయ్యను అంటే అది పనికి అభ్యంతరం. అందులో హిందువు, ముస్లిం, పెళ్ళైనది, కానిది అనే తేడా లేదు. పెళ్ళైనవాళ్ళకు చేస్తాను, పెళ్ళి కాని పిల్లకు చెయ్యను అంటే అది మనిషికి అభ్యంతరం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు ఇంజెక్షన్ వెయ్యను అన్నా అంతే, దానికి 2017లో వేరే చట్టమే వచ్చింది. మొదటిదాన్ని వినాలి, వీలుంటే సర్దాలి. రెండోదాన్ని వినక్కర్లేదు.

ఈ పెళ్ళి మాట వచ్చింది కాబట్టి, ఆడపిల్లల కాలేజీ గోడ మీద రాస్తున్నాను కాబట్టి, ఒకటి చెప్పి ముందుకు పోతాను. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడమనిషికి అబార్షన్ చెయ్యడానికి చట్టం అడిగేది ఆమె సమ్మతి ఒక్కటే. మొగుడి సంతకం చట్టం అడగదు. 2021 సవరణలో 'పెళ్ళైన స్త్రీ, ఆమె భర్త' అని ఉన్నచోట 'స్త్రీ, ఆమె భాగస్వామి' అని మార్చారు. పేరు బయటపెట్టకూడదని కూడా చట్టమే అంటుంది. కౌంటర్లో ఎవరైనా మీ ఆయన ఎక్కడ అని అడిగితే, అది వాళ్ళ సొంత ప్రశ్న, చట్టం ప్రశ్న కాదు.

ఇక సవిత గురించి రాయకుండా ఈ విషయం మీద కర్ణాటకలో కూర్చుని ఎవరూ రాయలేరు. సవితా హాలప్పనవర్‌ది బెళగావి. పళ్ళ డాక్టర్. ఐర్లండులో గాల్వే ఊరి ఆసుపత్రిలో 2012 అక్టోబరులో, పదిహేడు వారాల గర్భంతో చేరింది. గర్భం నిలవదని డాక్టర్లకు తెలుసు. తీసెయ్యండి అని ఆమే అడిగింది. లోపల శిశువు గుండె కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఇది క్యాథలిక్ దేశం అన్న మాట ఒక మంత్రసాని నోటినుంచి వచ్చింది, తర్వాత విచారణలో ఆమె అది ఒప్పుకుంది కూడా, చెడుగా అనలేదు, వివరించడానికి అన్నాను అంది. ఇన్ఫెక్షను రక్తంలోకి పాకింది. అక్టోబరు 28న సవిత చనిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు.

నిజం చెప్పాలంటే అది ఒక నర్సు మనస్సాక్షి వల్ల జరిగింది కాదు. అప్పటి ఆ దేశపు చట్టమే అట్లా ఉంది, ఇన్ఫెక్షన్ని సమయానికి పట్టుకోలేకపోవడం కూడా ఉంది. కాబట్టి ఈ చావును తీసుకొచ్చి నమ్మకం ఉన్న ప్రతి సిస్టర్ మీదా వెయ్యడం అన్యాయం. నేను ఆమెను గుర్తుచేసేది తర్వాత జరిగినదాని కోసం. 2018 మే 25న ఐర్లండులో ఓటింగు పెట్టారు, దాదాపు మూడింట రెండొంతులమంది పాత నిబంధన తీసెయ్యమన్నారు. గోడల మీద సవిత బొమ్మలు వేశారు, మన బెళగావి అమ్మాయి బొమ్మలు. అదే ఏడాది వచ్చిన కొత్త చట్టంలో, అంత కోపం తర్వాత కూడా, మనస్సాక్షి సెక్షను ఉంచారు. డాక్టరయినా నర్సయినా మంత్రసానయినా వద్దనుకుంటే చెయ్యక్కర్లేదు. కానీ పేషెంటును వెంటనే చేసేవాళ్ళ దగ్గరికి చేర్చాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం వద్దనడానికి లేదు.

నాకు కావలసింది దాదాపు ఇదే. దాదాపు అని ఎందుకన్నానంటే ఇటలీని కూడా చూడాలి. అక్కడ 1978 చట్టం అబార్షన్‌ను అనుమతించింది, డాక్టర్లకు మనస్సాక్షి హక్కూ ఇచ్చింది. ఇప్పుడు అక్కడ స్త్రీవైద్యుల్లో పదిమందికి ఆరేడుగురు మేము చెయ్యం అని రాసిచ్చినవాళ్ళే. వాళ్ళందరికీ అంత గాఢమైన భక్తి ఉందా, లేక ఆ పని చేస్తే పైకి ఎదగలేమని భయమా, నేనెట్లా చెప్పను? ఒకటి మాత్రం తెలుస్తుంది, ఒక్కరు వద్దంటే అది మనస్సాక్షి, ఊరంతా వద్దంటే చట్టం కాగితానికే మిగులుతుంది. సిరుగుప్ప దాటి లోపల పల్లెలో ఉండే ఆడమనిషికి ఒక్క డాక్టరు కాదంటే ఇంకో డాక్టరు అంటే ఇంకో బస్సు, ఇంకో రోజు కూలి, ఇంట్లో ఇంకో అబద్ధం. వారాలు లెక్కపెట్టే చట్టంలో ఆ ఆలస్యం చిన్నది కాదు.

కాబట్టి ఆసుపత్రే దీన్ని మొయ్యాలి. ఉద్యోగంలో చేరేరోజే అడగాలి, ఏ పని మీ నమ్మకానికి ఎదురొస్తుందో చెప్పండి అని. చెప్పినందుకు తీసుకోకుండా ఉండకూడదు, జీతం తగ్గించకూడదు. ఇన్‌చార్జ్ మారినా మారని కాగితం మీద అది ఉండాలి. చెప్పినవాళ్ళు బదులు పని చెయ్యాలి, ఎమర్జెన్సీలో అందరితోపాటు నిలబడాలి, పేషెంటుకు ఒక్క ముక్క ఉపదేశం కూడా చెప్పకూడదు. ప్రతి షిఫ్టులో ఆ పని చెయ్యగలిగినవాళ్ళు ఉన్నారో లేదో చూసుకోవడం యాజమాన్యం తలనొప్పి, తోటి సిస్టర్లది కాదు. చాలినంతమంది లేకపోతే ఇంకొకరిని పెట్టుకోవాలి. అడ్జస్ట్ చేసుకోండి అని వార్డులోకి తోసేసి చేతులు దులుపుకుంటే కుదరదు.

ఇది చదివి చిన్నమ్మ, "ఇంతమందిని ఎవరు పెడతారే, ఉన్నవాళ్ళకే సెలవు ఇవ్వరు" అంది. నిజమే. డబ్బు విషయం కాబట్టే చట్టం కావాలంటున్నాను, మంచితనం విషయమైతే చట్టమెందుకు? ఇంకో మాట కూడా అంది, ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటే ఆయా ఎట్లా చదువుతుంది అని. కన్నడంలో ఉండాలి, మన ఊళ్ళో అయితే తెలుగులో కూడా. చదవడం రాకపోతే ఎవరైనా చదివి వినిపించి, ఆమె చెప్పింది రాసుకోవాలి, శనివారంతో సహా.